చేతులు కారంలో ఉండగా

ఉప్పునీళ్ళలో ఊరిన క్యాబేజీ ఎవరి కోసమూ ఆగదు. పొద్దున్నే కడిగి, నీళ్ళు ఓడ్చి, సాయంత్రంలోగా కారం పట్టించకపోతే ఏడాది తిండి పాడవుతుంది. కొరియాలో గున్‌సాన్ హార్బరు వెనక మా సందులో ఈ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి యొమ్ సున్‌దొక్. ఆ నవంబరు ఉదయం ఆవిడ తన బిల్డింగు డాబా మీద, నూటికి పైగా ఊరిన క్యాబేజీల మధ్య ఒక్కతే నిలబడి ఉంది.

ఈ క్యాబేజీ పచ్చడి, అదే కిమ్చీ, పెట్టడం ఒంటిచేతి పని కాదు. ఇవాళ మీ ఇంటికి మేమొస్తాం, ఎల్లుండి మా ఇంటికి మీరు రండి అని వంతులు వేసుకుని చేసుకుంటారు. కూలీ నాలీ ఉండదు. ఆ ఇంటావిడ పంది మాంసం ఉడకబెట్టి, అప్పుడే కలిపిన కిమ్చీతో భోజనం పెట్టి పంపాలి, అంతే. ఆ నెలలో సందులో ఇంటింటా కిమ్చీ పెట్టారు. ఒక్కరూ సున్‌దొక్‌ని పిలవలేదు. ఎవరి ఇంట్లో పని నడుస్తోందో ఆవిడకి కిటికీలోంచి వచ్చే వెల్లుల్లి వాసనే చెప్పింది.

క్యాబేజీలు ఏటా తెచ్చే రైతు ఈ ఏడూ తెచ్చాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు. దానికి జవాబు చెప్పుకోలేక దింపించుకుంది. దింపించుకున్నాక ఉప్పు వెయ్యక తప్పలేదు.

కొడుకు జెగ్యూన్ సువాన్ నుంచి ఫోను చేశాడు.

"ఎవరొచ్చారమ్మా?"

"వస్తారు."

"రాకపోతే?"

"వస్తారన్నానుగా."

"ఆ నొప్పి మణికట్లతో ఎలా చేస్తావ్? టీవీలో అమ్ముతున్నారు, కొనుక్కుంటే పోయేదిగా."

"నీ మొహం. పెట్టెయ్ ఫోను."

అన్నదే గాని, ఎవరైనా వస్తారన్న నమ్మకం ఆవిడకి లేదు. కారం ముద్ద ఒక బేసినులో సిద్ధంగా ఉంది. పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. పదిమందికి సరిపడా ఉడుకుతోంది.

సున్‌దొక్ ఉప్పు మడుల్లో పనిచేసినవాడి కూతురు. బాయిలర్లు బాగుచేసే మనిషిని పెళ్ళాడింది, కొడుకు బడికి వెళ్ళే వయసులోనే ఆయన్ని పోగొట్టుకుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బడి వంటశాలలో వండింది. పిల్లలు ఆవిడని "వంటమ్మా" అనేవారు, సందులో వాళ్ళు "జెగ్యూన్ వాళ్ళమ్మా" అనేవారు. సొంత పేరు బ్యాంకులో తప్ప ఎక్కడా వినపడేది కాదు. కాకపోతే ఆవిడ చెయ్యి పడితే ముల్లంగి ముక్కకైనా రుచి వస్తుందని సందంతా ఒప్పుకునేది. ఎవరింట్లో కారం ముద్ద కలిపినా చివర్న ఉప్పు చూడ్డానికి ఆవిడ నాలుకే కావాలి.

వంటశాల నుంచి దిగిపోయేనాటికి రెండు మణికట్లూ చెడ్డాయి. అప్పుడొచ్చింది మ్యోంగ్జా. ఒకప్పుడు వంటశాలలో పక్క పొయ్యి దగ్గర పనిచేసింది. "ఊరికే భోజనానికి రా అక్కా" అని జొంజు పట్నం తీసుకెళ్ళింది. భోజనం పెట్టిన మాట నిజమే. దానికి ముందు ఒక పెద్ద హాలు ఉంది. గుమ్మం దగ్గర టై కట్టుకున్న కుర్రాడు నడుం వంచి దణ్ణం పెట్టాడు.

"ఓనరుగారూ, దయచెయ్యండి."

సున్‌దొక్ వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"నన్నేనా బాబూ?"

"ఇక్కడికి వచ్చినవాళ్ళంతా ఓనర్లేనండీ."

బోర్డు మీద ఒకాయన గుండ్రాల కింద గుండ్రాలు గీశాడు. డబ్బు కట్టి సరుకు కొని చేరాలి. నువ్వు ఇద్దరిని చేర్చు, వాళ్ళు చెరో ఇద్దరిని చేరుస్తారు. ఆ గుండ్రాలు ఆవిడకి అర్థం కాలేదు. అర్థమైంది ఆ పిలుపు ఒక్కటే. టీ ఇచ్చిన అమ్మాయీ ఓనరుగారనే అంది, బాత్రూం ఎటో చూపించినావిడా ఓనరుగారనే అంది. సముద్రపు నాచు పొడి కలిపిన నీళ్ళు తాగించి, మణికట్లకి అదే పొడి పట్టు వేశారు. సాయంత్రానికి నొప్పి తగ్గినట్టే అనిపించింది. ఆ రోజు గిన్నెలు తోమలేదు మరి.

వచ్చేదారిలో బస్సులో మ్యోంగ్జా అడిగింది. "నువ్వు తలుపు కొడితే ఎంతమంది తీస్తారక్కా?"

"సందంతా తీస్తుంది."

"ఇంకేం! నీ పెట్టుబడి అదే."

అది నిరుడు నవంబరు. కిమ్చీల రోజులు. సున్‌దొక్ వంతు ప్రకారం ఇంటింటికీ వెళ్ళింది. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుంటారు. మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు, వాటి నిండా కారం. ఫోను మోగితే ఎత్తలేరు, ముక్కు దురద పెడితే గోక్కోలేరు. సగం నింపిన క్యాబేజీ వదిలి లేవలేరు. మొదటి ఇంట్లో ఆవిడ నాచు పొడి మాట ఎత్తడం అనుకోకుండా జరిగింది. ఎవరూ లేవకుండా విన్నారని గమనించింది. రెండో ఇంట్లో అందరూ గ్లౌజులు తొడుక్కుని, చేతులు కారంలో పెట్టేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టింది.

డిసెంబరులో ఆవిడని జొంజు హాల్లో స్టేజీ ఎక్కించారు. అంతమందిని ఎలా చేర్చారో చెప్పండి ఓనరుగారూ అన్నారు. మైకు అందుకుని తడబడకుండా చెప్పింది.

"కారం చేతులతో ఎవరూ లేచి వెళ్ళలేరండీ. అదే మంచి సమయం. ముందు చేతులు పెట్టనివ్వాలి, తర్వాత నోరు తెరవాలి."

హాలు పగలబడి నవ్వింది. చప్పట్లు కొట్టారు, పూలగుత్తి ఇచ్చారు, భుజాన పట్టీ వేశారు. మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్ళలో సెరా వాళ్ళమ్మ కూడా ఉంది. సందు మొదట్లో డ్రైక్లీనింగు దుకాణం ఆవిడ. సున్‌దొక్ కింద చేరి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు. మా సందు నుంచి ఆ రోజు హాలుకి వచ్చింది ఆవిడొక్కతే.

ఈ హడావిడిలో సున్‌దొక్ నిరుడు తన ఇంట్లో కిమ్చీ పెట్టనేలేదు. అందరి ఇళ్ళలో చేసొచ్చింది, ఆవిడ వంతు మాత్రం ఎవరూ తీర్చలేదు.

జనవరిలో ఓక్బున్ భర్త కాలేయం జబ్బుతో పోయాడు. సందులో అందరికంటే పెద్దదీ, నోరున్నదీ ఓక్బున్. చావింట్లో పరామర్శకి వచ్చినవాళ్ళు వేడి మాంసం పులుసు తాగుతుంటే సున్‌దొక్ వాళ్ళ మధ్య నాచు పొడి పొట్లాలు పంచింది. అది చాలదన్నట్టు తెల్లబట్టల్లో కూర్చున్న ఓక్బున్ పక్కన చేరి, "ఆర్నెల్ల ముందు ఇది పట్టించి ఉంటే బావగారు దక్కేవారక్కా" అంది. ఓక్బున్ పొట్లం ఒళ్ళోంచి తీసి నేల మీద పెట్టింది.

వసంతంలో కంపెనీ మూతపడి హాలు షట్టరు దిగింది. మ్యోంగ్జా ఫోను మూగబోయింది. సందులో ప్రతి బాల్కనీలో నాచు పొడి పెట్టెలు మిగిలాయి. అందరికంటే దెబ్బ తిన్నది సెరా వాళ్ళమ్మే. కూతురి కాలేజీ డబ్బు అందులో పోసింది. సెరా చదువు మాని చొంగ్జులో ఫ్యాక్టరీ పనికి వెళ్ళిపోయింది. సున్‌దొక్ తన దగ్గర ఉన్నదంతా తలా ఇంత ఇచ్చింది, అది ఏ మూలకీ రాలేదు. ఎవరూ తిట్టలేదు. ఎదురుపడితే చేతిలో ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయేవారు. తిడితే బాగుండునని ఆవిడకి చాలాసార్లు అనిపించింది.

ఇప్పుడు క్యాబేజీల మధ్య ఆవిడ ఒక్కతే నిలబడి ఉండగా డాబా మెట్ల మీద చప్పుడైంది. ముందు రొప్పు వినపడింది, తర్వాత మనిషి కనపడింది. ఓక్బున్. వెనక పైఅంతస్తులో ఉండే ఇద్దరు తోటికోడళ్ళు, అందరి వెనక సెరా వాళ్ళమ్మ. అందరి చేతుల్లోనూ సొంత గ్లౌజులు.

"ఏం ఓనరుగారూ, కూలీలకి బేసిన్లు ఎక్కడ పెట్టించారు?" అంది ఓక్బున్.

సున్‌దొక్ మొహం మండిపోయింది. "అక్కా..."

"అక్కా లేదు, బొక్కా లేదు. నిరుడు మా ఇంట్లో నడుం విరిగేలా పనిచేశావ్, మేం నీ ఇంటికి రాలేదు. బాకీతో చచ్చి మా ఆయన దగ్గరికెళితే గుమ్మంలోనే నిలబెడతాడు. జరుగు. ముల్లంగి ఇంత లావుగా తరిగావేంటే, కళ్ళు కూడా కంపెనీకి అమ్మేశావా?"

తోటికోడళ్ళు కిసుక్కున నవ్వారు. సెరా వాళ్ళమ్మ నవ్వలేదు. అవతలి మూల బేసిను లాక్కుని కూర్చుంది.

పని సాగింది. ఆకు ఆకు మధ్యా కారం పూసి, బయటి ఆకుతో చుట్టి, డబ్బాలో సర్దడం. కాసేపటికి ఉప్పు మీద తగువొచ్చింది. చిన్న తోటికోడలు తక్కువైందంది, పెద్ద తోటికోడలు ఎక్కువైందంది.

"మీ ఇద్దరి మాట వింటే నా పళ్ళు ఊడతాయి," అంది ఓక్బున్. "జెగ్యూన్ వాళ్ళమ్మా, నువ్వు చూసి చెప్పు."

ఏడాది తర్వాత ఆ సందులో ఎవరో ఉప్పు చూడమన్నారు. సున్‌దొక్ చిన్న ఆకు తుంచి నోట్లో వేసుకుంది. "ఉప్పులో ఊరిన రొయ్యలు ఇంకొంచెం పడాలి," అంది. మొహం పక్కకి తిప్పుకుని కారం ఘాటు అని దగ్గింది.

ఓక్బున్ అది చూసింది. చూడనట్టు క్యాబేజీ తిప్పుతూ అంది. "ఆ రోజు నువ్వు మా ఆయన గురించి అన్న మాటకి నీ నాలుక కోసెయ్యాలనుకున్నా. మూడు నెలలు అనుకున్నా. తర్వాత తెలిసింది, ఊరూరా ప్రతి చావింట్లోనూ ఆ మాటే అన్నారట. చిలకకి నేర్పినట్టు నేర్పారు. చిలకనేం చేస్తాం?"

"అవును మరి," అంది పెద్ద తోటికోడలు. "పాపం, వంటశాల తప్ప లోకం తెలియని మనిషి. మనకంటే ముందు మోసపోయింది, అంతేగా."

"తెలిసి చేసేదైతే మన సందులోనా చేసేది?" అంది చిన్నావిడ.

మూలన సెరా వాళ్ళమ్మ చేతులు ఆగిపోయాయి. తలెత్తి సున్‌దొక్ వైపు చూసింది. సున్‌దొక్ కూడా చూసింది. ఇప్పుడు ఆవిడ చెప్పేస్తుంది అనుకుంది. ముందు చేతులు పెట్టనివ్వాలి, తర్వాత నోరు తెరవాలి అని తను హాల్లో మైకులో అన్న మాట వాళ్ళకి చెబుతుంది.

సెరా వాళ్ళమ్మ తల దించుకుని, ఆగిన చోటి నుంచే మళ్ళీ ఆకు ఎత్తి కారం పూసింది.

పొద్దు వాలకముందే పని అయిపోయింది. సున్‌దొక్ డాబా మీదే చాప పరిచి మాంసం ముక్కలు కోసి తెచ్చింది. కొత్త కిమ్చీ నిలువునా చీల్చి పళ్ళెంలో పెట్టింది. చిన్న తోటికోడలు బియ్యపు కల్లు సీసా తీసింది. అందరూ కూర్చుంటుంటే సెరా వాళ్ళమ్మ ఏప్రన్ విప్పి మడత పెట్టింది.

"దుకాణం తెరవాలి. బట్టలకోసం వస్తారు."

"రెండు ముద్దలు తిని పోవే," అంది ఓక్బున్.

"ఇంకోసారి."

సున్‌దొక్ ఒక డబ్బా నిండా కిమ్చీ తీసుకుని మెట్ల దగ్గర ఆవిడని అందుకుంది.

"ఇదైనా తీసుకెళ్ళు."

"వద్దక్కా. మా ఇంట్లో ఇప్పుడు తినేవాళ్ళు లేరు. మీరు ఉంచుకోండి." ఎప్పుడూ నువ్వు అనే మనిషి మీరు అంది.

సున్‌దొక్ గొంతు తగ్గించింది. "వాళ్ళకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పమంటారు?"

"నీకు తెలుసుగా. హాల్లో ఉన్నావుగా."

"ఉన్నాను. మీరు మాట్లాడుతున్నది మా వంటింటి గురించీ, నా చేతుల గురించీ. అది తెలిసే కూర్చున్నాను. అయినా చప్పట్లు కొట్టాను. ఏమనుకుని కొట్టానో చెప్పనా? రేపు నేనూ ఇలాగే ఎవరికైనా చెప్పాలి అనుకున్నాను." ఆవిడ రెండు మెట్లు దిగి ఆగింది. "నా సిగ్గు నేను మోసుకుంటాను. మీది కూడా నేను మోసి వాళ్ళకి అందించాలా? అక్కర్లేదు. చెప్పాలనుంటే మీరే చెప్పుకోండి. చెప్పకపోతే మానెయ్యండి, మా సెరా ఎలాగూ వెనక్కి రాదు."

డబ్బాతో సున్‌దొక్ డాబా మీదికి తిరిగొచ్చింది. ఆవిడ కోసం చాప మీద చోటు ఖాళీగా ఉంచారు. వాళ్ళు వచ్చే ఏడాది వంతుల గురించి మాట్లాడుకుంటున్నారు.

"వచ్చేసారి మొదటి రోజు మా ఇంట్లో," అంటోంది ఓక్బున్. "జెగ్యూన్ వాళ్ళమ్మా, పొద్దున్నే రావాలి. కారం నువ్వే కలపాలి. విన్నావా?"

సున్‌దొక్ నిలబడే ఉంది. "అక్కా, మీకో మాట..."

"కూర్చుని చెప్పవే. నిలబడి చెప్పడానికి ఇదేమైనా స్టేజీనా?"

అందరూ నవ్వారు. ఆ మాట ఊరికే అన్నదని తెలుసు. అయినా సున్‌దొక్ కూర్చుంది. ఓక్బున్ మాంసం ముక్కని కిమ్చీ ఆకులో చుట్టి, వేళ్ళతోనే ఆవిడ నోటి దగ్గర పెట్టింది.

"ముందు తిను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు నువ్వు, మొహం పీక్కుపోయింది. నోరు తెరువు. ఆ..."

సున్‌దొక్ నోరు తెరిచింది.

ముద్ద పెద్దది. నములుతూ ఉంది. ముగ్గురూ ఆవిడ మొహంలోకి చూస్తున్నారు, రుచి ఎలా ఉందో చెబుతుందని.

"ఎలా ఉంది?"

"బాగుంది," అంది సున్‌దొక్.

"ఏదో మాట అన్నావు?"

"ఏం లేదక్కా."

ఓక్బున్ ఇంకో ఆకు చీల్చింది. సున్‌దొక్ తల వంచుకుని, పెట్టినదల్లా తింది.