తెల్ల గుడ్డ మీద ఇంజనాయిలు మరక

నా చిన్నప్పుడు మా కొండమీది ఊళ్ళో మోటారు సైకిలు ఒక్కటే ఉండేది. అది మా నాన్నది. నాన్న మా క్రైస్తవ సంఘానికి కాపరి. గూడేలు తిరిగి ప్రార్థనలు జరిపించడానికి మైదానంలోని విశ్వాసులు కొందరు కలిసి ఆ పాత బండి ఇప్పించారు. బాగా బరువైన బండి. స్టార్టు చేస్తే కాఫీ తోటలో పిట్టలన్నీ లేచిపోయేవి. గూడెం కొత్తవీధి దాటి లోపలికొచ్చే మా దారిలో సంతరోజున తప్ప జీపు కనిపించేది కాదు. అందుకని జ్వరమొచ్చినా పాము కరిచినా ఊరంతటికీ ఆ బండే దిక్కు.

దాని ఆయిలు నాన్న ఇంటి దగ్గరే మార్చుకునేవారు. ఇంజను వేడెక్కేదాకా కాసేపు తిప్పి, కింద బేసిను పెట్టి, అడుగునున్న బోల్టు విప్పేవారు. నల్లగా, సన్నని ధారగా కారేది. ఆ నల్ల ఆయిలు ఇంటి గుంజలకు రాస్తే చెద పట్టదని ఇంటికొకరు డబ్బా పట్టుకుని వచ్చేవారు. పోసే పని నాది. వేటమాంసమైనా, వాగులో పట్టిన చేపలైనా, మా ఊళ్ళో పంచడమంటూ మొదలైతే ఆలస్యంగా వచ్చినవాళ్ళకు కూడా వాటా ఉంటుంది. ఖాళీ గిన్నెతో ఎవర్నీ వెనక్కి పంపరు. ఇది అక్కడి పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు.

నాకప్పుడు పదేళ్ళు. అమ్మకు ఎనిమిదో నెల. వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. ఆ మధ్యాహ్నం నాన్న పాత ఆయిలు దించి, బోల్టు బిగించి, కొత్త ఆయిలు పోయబోతుండగా కిందింట్లో ముసలాయనకు ఊపిరి ఆడటం లేదని పిలుపొచ్చింది. నల్లదంతా పంచెయ్యమని నాకు చెప్పి, చేతులు తుడుచుకుంటూ ప్రార్థనకు వెళ్ళిపోయారు.

ఎనిమిది డబ్బాలతో బేసిను ఖాళీ అయింది. అప్పుడొచ్చింది చివరింటి మామ్మ. ఊళ్ళో మా ప్రార్థనకు రానిది ఆవిడొక్కతే. కొండదేవతకు మొక్కుకునేది. నాన్న ప్రసంగంలో వెలుగు చూడని ఆత్మలని అన్నప్పుడల్లా అందరి కళ్ళూ ఆ ఇంటి వైపే తిరిగేవి. మామ్మ ఖాళీ బేసిను చూసింది. చిన్నగా నవ్వి వెనక్కి తిరిగింది. నాకు మనసొప్పలేదు. పక్కనే ఉన్న కొత్త ఆయిలు డబ్బా ఎత్తి, ఉన్నదంతా ఆవిడ డబ్బాలో పోసేశాను. నాన్న దగ్గర ఇంకోటి ఉండే ఉంటుందని నా నమ్మకం.

"ఇదేటే గుంటా, తేనెలాగుంది" అంది మామ్మ. మంచిదే తీసుకెళ్ళమన్నాను. ఇచ్చినందుకు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

అరగంట గడిచిందేమో, ఇంట్లోంచి అమ్మ అరుపు వినిపించింది. వెళ్ళి చూస్తే చాప మీద నెత్తురు. ఊళ్ళో కాన్పులు చేసే పక్కింటి అత్త వచ్చి చూసి, ఇది తన చేతిలో లేదని, వెంటనే పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్ళకపోతే తల్లీ బిడ్డా దక్కరని చెప్పేసింది. డోలీ కట్టి మోసుకెళితే పొద్దుగూకినా చేరరు. నాన్న పరుగున వచ్చారు. కొత్త డబ్బా ఎత్తారు. తేలిగ్గా పైకి లేచింది.

"ఆయిలేదమ్మా?" అని అడిగారు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఇంకో డబ్బా లేదని ఆయన మొహం చూశాకే తెలిసింది. ఆయిలు లేని ఇంజను మొదటి మలుపైనా దాటకుండా పట్టేసి ఆగిపోతుంది.

నాన్న బండి సీటు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు. తర్వాత ఆ బురదలోనే మోకాళ్ళూనారు. వందమంది ముందు గొంతెత్తి ప్రార్థించే మనిషికి ఆ రోజు ఒక్క మాట రాలేదు. నేను ఖాళీ డబ్బా పట్టుకుని ఇంటి వెనక్కి పోయాను. బైబిల్లో బీద విధవరాలి ఇంట నూనె తరగని బుడ్డి గురించి ఆదివారం బడిలో నేర్చుకున్నదాన్ని. కళ్ళు మూసుకుని, ప్రభువా, ఇది నింపు, ఇంకెప్పుడూ ఏమీ అడగనని వేడుకున్నాను. కళ్ళు తెరిచి డబ్బా వంచితే అడుగున ఒక్క చుక్క జారింది. లోపల అమ్మ మూలుగు సన్నబడుతోంది. పదేళ్ళకే నేను నా తల్లిని చంపానని నాకు అర్థమైపోయింది. ఆ మాట చెప్పుకోవడానికి ఎవరూ లేరు. దేవుడు కూడా వినడం లేదనిపించింది.

అమ్మ అరుపు విని చివరింటి మామ్మ వచ్చింది. మోచేతుల దాకా ఆయిలు. చేతిలో డబ్బా సగానికే ఉంది. మిగతాది అప్పటికే గుంజలకు పూసేసింది. మోకాళ్ళ మీదున్న నాన్నను, ఖాళీ డబ్బాతో ఇంటి మూల నిలబడ్డ నన్ను ఒకసారి చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆవిడకు తెలిసిపోయింది.

"పిల్లనేటీ అనకు బాబూ. ఇది మంచిదిలాగుంది, నాకియ్యమని నానే అడిగి పట్టుకెల్లిపోనాను" అంది.

డబ్బా నాన్న ముందు పెట్టి, ఇంటింటికీ పోయింది. సంగతి చెప్పడానికి కూడా ఆగలేదు, డబ్బా తెమ్మందంతే. అందరూ తెచ్చారు. కొందరి దగ్గర సగం, కొందరి దగ్గర అడుగున కాస్త. ఒకావిడ కొబ్బరి చిప్పలో తెచ్చింది. పట్టుకెళ్ళిన వాటాను వెనక్కివ్వడం మా ఊళ్ళో అంతకు ముందు నేను చూడలేదు. నాన్న ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నారు.

"దేవుడు ఇన్నాడులే బాబూ. బేగి లెగు. గుడ్డ పట్టు, వడకట్టాల" అంది మామ్మ.

ఆ ఆయిల్లో మట్టి ఉంది, చెదపుట్ట పెళ్ళలు ఉన్నాయి. అలాగే పోస్తే ఇంజను పాడైపోతుంది. ఒంటి మీది బట్టలన్నీ మురికివే. మా ఇంట్లో ఉతికిన తెల్ల గుడ్డ ఒక్కటే ఉంది, ప్రార్థనలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద పరిచేది. అమ్మ అంచులు కుట్టిన గుడ్డ. నేను నాన్న వైపు చూశాను. "తే" అన్నారు.

నాలుగు మూలలూ నలుగురం పట్టుకున్నాం, నాన్న, మామ్మ, పక్కింటి అత్త, నేను. నల్లదీ కొత్తదీ కలిసి గుడ్డలోంచి బేసినులోకి దిగింది. దాన్ని ఇంజనులో పోస్తూ నాన్న మాటిమాటికీ ఆయిలు కొలిచే పుల్ల ముంచి చూశారు. మొదట తడి కూడా తగల్లేదు. ఆఖరి చిప్ప కూడా పోశాక పుల్ల మీది కింది గీతను అంటీ అంటకుండా అందింది.

అమ్మను మధ్యలో కూర్చోబెట్టి, వెనక నుంచి అత్త పట్టుకుంది. బండి కదిలింది. ఎక్కడ ఆగిపోతుందోనని ఊరంతా నిలబడి ఆ చప్పుడే విన్నాం. ఒక మలుపు, రెండు మలుపులు, తర్వాత వినపడలేదు. మామ్మ నా చెయ్యి పట్టుకునే ఉంది. ఆయిలుకు జారిపోతుంటే మళ్ళీ మళ్ళీ పట్టుకుంది.

ఎనిమిదో రోజున అమ్మ తిరిగొచ్చింది. తమ్ముడు రాలేదు. పుట్టాక కొంతసేపు ఊపిరి ఉందట. ఇంకొంచెం ముందు తీసుకొస్తే అని ఆసుపత్రిలో ఎవరైనా అన్నారో లేదో నాకు తెలియదు. ఇంట్లో ఎవరూ అనలేదు. డబ్బాలన్నీ తిరిగొచ్చేదాకా పట్టిన సమయాన్ని నేనే ఇప్పటికీ లెక్కపెట్టుకుంటాను.

నాకు పెళ్ళై పిల్లలు పుట్టాక ఒకరోజు నాన్న దగ్గర కూర్చుని జరిగింది ఒప్పుకున్నాను. "ఆ మామ్మ ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదమ్మా. ఆ రోజే తెలుసు నాకు" అన్నారు. వెలుగు చూడని ఆత్మల మాట ఆయన ప్రసంగంలో ఎప్పటినుంచి వినపడలేదో అప్పుడు గుర్తొచ్చింది.

ఆ గుడ్డను అమ్మ కుంకుడురసంలో ఎన్నిసార్లు ఉడకబెట్టినా మరక పోలేదు. సంఘం వాళ్ళు కొత్తది తెస్తామన్నా నాన్న వద్దన్నారు. ఇప్పుడది నా దగ్గర ఉంది. బల్ల సిద్ధం చేసే ఆదివారం పిల్లలు మరకను కిందికి మడిచి పరుస్తారు. నేను వెళ్ళి దాన్ని పైకి తిప్పుతాను. ప్రభువు రొట్టెను సరిగ్గా ఆ మరక మీదే పెడతాను.