నిప్పు అందని ఇల్లు

ఈ ఉదయం వీధిలోంచి పులిసిన చల్ల వాసన వచ్చింది. ఎవరో కొత్త మనిషి, "చల్లండీ చల్ల" అని సన్నగా కేకేసుకుంటూ పోయింది. గొంతు వేరు. వాసన మాత్రం అచ్చమ్మదే. ఎండకు కాగిన కుండ, తల మీద తడిసిన చుట్టకుదురు, చెంప మీదుగా కారి ఎండిన తెల్లటి చార. చాటలో బియ్యం అలాగే వదిలేసి గుమ్మం దాకా వెళ్ళాను. అప్పటికే మనిషి మలుపు తిరిగిపోయింది. నాకు చదువు లేదు, పేరు గీయడం వరకే వచ్చు. నేను చెబుతుంటే బడిపంతులుగారు రాస్తున్నారు. అచ్చమ్మను మీరెవరూ ఎరగరు. అందుకని ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

అమలాపురం శివార్లలో ఇల్లు కొనేవాళ్ళు ముందు పురోహితుణ్ణి అడిగేవారు, తరువాత చల్ల అమ్మే అచ్చమ్మను అడిగేవారు. ఆవిడ ఏ ఇంటికీ వీధి గుమ్మంలోంచి వెళ్ళేది కాదు. పెరటి దారినే వెళ్ళేది. మగవాళ్ళు అరుగు మీద కూర్చుని దూలాలు ఎన్నో చూసుకుంటుంటే, ఆవిడ పెరట్లో నిలబడి పొయ్యి పొగ ఎటు పోతోందో చూసేది. ఇల్లు చూడటానికి వాన పడే రోజే రమ్మనేది. "ఎండలో అన్ని కొంపలూ బాగానే ఉంటాయండి" అనేది. ఆఖరున ఒక పని చేయించేది. పొయ్యి ఆరిపోతే పక్కింటికి వెళ్ళి కొబ్బరి చిప్పలో నిప్పు తెచ్చుకోవడం మా అందరికీ ఉన్నదే. ఆ ఇంట కాపురం ఉండబోయే ఆడమనిషిని ఆ వానలోనే దగ్గరి ఇంటికి నిప్పు కోసం పంపేది. తెచ్చిన నిప్పు ఎర్రగా ఉంటే ఇల్లు కొనవచ్చు. నల్లగా ఉంటే కుండ ఎత్తుకుని వెళ్ళిపోయేది.

మా ఆయన పడవ నడిపేవారు. ఊరి చివర మా ఇంటిని అంతకుముందు ఎవరూ కన్నెత్తి చూసింది లేదు. కొత్త కాలవ తవ్వారు, మా పెరటి పక్కనే పడవలు ఆగడం మొదలుపెట్టాయి. దాంతో కొబ్బరి వర్తకులు రోజుకొకరు వచ్చి గోడలు తట్టి చూసేవారు. ఆ యేడే ఆయన జ్వరంతో పోయారు. పడవ ఎక్కే మనిషే లేనప్పుడు రేవు పక్క ఇల్లు నాకెందుకని మా బావగారు దాన్ని వర్తకుడికి అమ్మేసి, చేలవైపు ఇంకొకటి చూశారు. అచ్చమ్మనూ పిలిచారు. సన్నగా తుంపర పడుతోంది.

"పెరట్లోనే నుయ్యి అచ్చమ్మా. కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు. ఆడమనిషికి ఇంతకన్నా ఏం కావాలి?" అన్నారు బావగారు.

"ఆయ్, నుయ్యి బాగుందండి. అమ్మాయిని నిప్పుకి పంపండి."

"వాన పడతా ఉంటేనా?"

"అందుకేనండి."

తాటిదుంగ వంతెన దాటి, చేను గట్టు మీద నడిచి, దగ్గరి ఇంటికి వెళ్ళాను. ఆ ఇల్లాలు రెండు కణికలు వేసింది. చెయ్యి అడ్డం పెట్టుకుని తెచ్చాను. తిరిగి వచ్చేసరికి చిప్పలో తడిబొగ్గులున్నాయి. బావగారు నవ్వారు. "నిప్పు కోసం ఇల్లు కొంటారా ఎవరైనా?" అన్నారు. అచ్చమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేవంటావే పిల్లా?" అని నన్ను అడిగింది.

"నుయ్యుంది కదా అత్తా" అన్నాను.

నేనెందుకలా అన్నానో ఆవిడకు తెలుసు. ఆయన పోయాక ఊరి నూతి దగ్గర నేను ఎదురైతే, ఆడవాళ్ళు బిందెతో వెనక్కి తిరిగి, ఇంటికి పోయి కాసేపు కూర్చుని వచ్చేవారు. సొంత నుయ్యి ఉంటే ఎవరికీ ఎదురుపడక్కర్లేదు. నాకు ఆ ఒక్క సౌకర్యం చాలనిపించింది.

"ఓహో, వాళ్ళ మొహాలు తప్పించుకుందామనా. తిట్టుకోడానికైనా మనుషులుండాలే" అంది అచ్చమ్మ. ఆ పూట కుండ ఎత్తుకుని వెళ్ళిపోలేదు. నాతోపాటు కాసేపు తడిసింది.

ఇల్లు కొన్నాం. మొదటి నెల హాయిగానే ఉంది. ఒకనాడు దడి మీద కాకిని అదిలించబోతే నోట్లోంచి గొంతు రాలేదు. ఎన్నాళ్ళై మాట్లాడలేదో లెక్క చూసుకుంటే భయం వేసింది. ఆ తరువాత నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది అచ్చమ్మ ఒక్కతే. ఊళ్ళో చల్ల అమ్ముకుని, ఖాళీ కుండతో ఎండలో ఆ గట్టు మీదుగా నడిచి వచ్చేది. చేతిలో చిప్ప, దాంట్లో నిప్పు.

"నా పొయ్యిలో ఉందత్తా నిప్పు" అనేదాన్ని.

"ఉంటే ఉండనీ, ఇదీ వేసుకో. చల్ల మిగల్లేదు గానీ కబుర్లు మిగిలేయి" అనేది. ఎవరి మేక ఎవరి పాదు మేసిందో, ఎవరి కోడలు అలిగి పుట్టింటి పడవెక్కిందో అంతా చెప్పి, నాలుగు మాటలు నాచేత అనిపించి గాని లేచేది కాదు.

ఒకరోజు మెట్టు ఎక్కుతూ చీర కాస్త ఎత్తింది. బోదకాలు మోకాలి దాకా పొంగి, చర్మం మెరుస్తోంది.

"ఎప్పట్నించత్తా?"

"నువ్వు నుయ్యి కొనుక్కున్నప్పట్నించి" అని నవ్వింది. వేళాకోళానికే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నీళ్ళకు నేను నడవక్కర్లేకుండా పోయిన దూరమంతా ఆవిడ నడుస్తోంది. ఇక రావద్దన్నాను. "సరే, రాన్లే" అంది. మర్నాడూ వచ్చింది.

తరువాత నిజంగానే రావడం మానేసింది. ఇన్నాళ్ళకు నా మాట విందనుకున్నాను. అంత తేలిగ్గా వినేస్తుందా అని కాస్త కోపమూ వచ్చింది. ఐదు రోజులు గట్టు వంక చూశాను. ఆరోనాడు నేనే వెళ్ళాను. ఆవిడ కూతురు వాకిలి అలుకుతోంది. అచ్చమ్మ పోయి నాలుగు రోజులైందట.

"నాకు కబురు పెట్టలేదేమ్మా?" అన్నాను.

"అంత దూరం ఎవరెల్తారండి" అంది ఆ పిల్ల. తప్పుగా అనలేదు. ఉన్న మాటే అంది.

ఇల్లు అమ్మేయమని బావగారి కాళ్ళమీద పడ్డాను. చాలాకాలానికి ఒక రైతు భార్యతో వచ్చాడు. ఎండ కాస్తున్న రోజు. నోరు విప్పవద్దని బావగారు ముందే చెప్పారు. ఈ బేరం పోతే ఆ వైపుకి మరొకరు రారని, ఆ నూతి పక్కనే నా బతుకు తెల్లారిపోతుందని నాకూ తెలుసు. ఆ ఇల్లాలు నీళ్ళు తోడి పుక్కిలించి, "తియ్యగున్నాయండి" అంది. ఆ మాట వినగానే నేను ఊరుకోలేకపోయాను.

"నీళ్ళు మంచివేనమ్మా. వానలో మాత్రం ఇక్కడికి నిప్పు అందదు. మనిషి పోయినా కబురందదు."

బావగారు పళ్ళు నూరారు. ఆవిడ మొగుడి వంక చూసి ఫక్కున నవ్వింది. "మా ఇంట్లో పదకొండుమందిమండి. మా పొయ్యికి ఆరిపోయే తీరికేదండి?"

వాళ్ళకి అది మంచి ఇల్లే. నాకే కాదు.

ఇప్పుడు నాది రెండు నేతవాళ్ళ ఇళ్ళ మధ్య ఒంటిగది. నుయ్యి లేదు, బిందెతో వెళ్ళాల్సిందే. నన్ను చూసి వెనక్కి తిరిగేవాళ్ళు ఇక్కడా ఉన్నారు, తిరగనిస్తాను. పగలంతా గోడకి అటూ ఇటూ మగ్గాలు చప్పుడు చేస్తాయి. అయినా అచ్చమ్మలాగ మాట అనిపించి గాని లేవని మనిషి మళ్ళీ దొరకలేదు. రోజూ కణికలు బూడిదలో బాగా కప్పుతాను, నా పొయ్యి ఎన్నడూ ఆరలేదు. పొద్దున్నే మాత్రం చిప్ప పట్టుకుని పక్కింటి పెరట్లో నిలబడతాను.

"మళ్ళీ ఆరిపోయిందా అప్పా?" అంటుంది ఆ ఇల్లాలు.

"ఆరిపోయిందమ్మా" అంటాను.