నా బదులు కూర్చున్న చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయి ఇవాళ్టికి పదమూడు రోజులు. ఆ పొద్దున నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మా మెడికల్ షాపు షట్టర్ ఎత్తుతుంటే ఆమె కొడుకు, నాకు తమ్ముడు, ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మ పోయింది" అని మాత్రం అన్నాడు. షట్టర్ మళ్లీ దించి వాళ్లింటికి బయలుదేరాను. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని చాలామంది అడిగారు. మంచి మాటలకేం, కావలసినన్ని ఉన్నాయి. కానీ నేను చేసిన పని దాచిపెట్టి అవి రాయడానికి నాకు మనసొప్పడం లేదు.

చిన్నమ్మది పోచంపల్లి వైపు మగ్గాల ఇల్లు. పెళ్లయి వనస్థలిపురం వచ్చాక ఇంటి ముందు గదిలో చీరలు అమ్మేది. పది చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా పోయినా మొహం మాడ్చేది కాదు. "చూస్తే చీర అరుగుతదా ఏంది" అనేది. తిండి దగ్గర కూడా ఎదుటివాళ్ల కంచం మీదే ఆమె ధ్యాస. తను మాత్రం అందరూ లేచాక వంటింట్లో నిలబడే నాలుగు ముద్దలు తినేది.

ఛాతీలో మంట ఆమెకు ఏళ్లనాటిది. వంగితే పుల్లటి నీళ్లు గొంతులోకి వచ్చేవి. నా కౌంటర్ మీద ఖాళీ సీసా పెట్టి "గా గులాబి రంగు మందియ్యి బిడ్డా" అనేది. బయటివాళ్లు నెల దాటి అదే మందు అడిగితే ముందు డాక్టరుకు చూపించుకోమని గద్దించేవాణ్ణి. ఆమెకు మాత్రం మారుమాట లేకుండా ఇచ్చేవాణ్ణి. ఇంటి మనిషే కదా అన్న అలుసు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక ఎల్‌బీనగర్ చౌరస్తా దగ్గర రిలే నిరాహార దీక్షల టెంటు వేశారు. రోజుకో సంఘం వాళ్లు మెడలో దండలతో పొద్దున్నుంచి కూర్చుని, సాయంత్రం నిమ్మరసం తాగి లేవాలి. ఎవరైనా రాలేకపోతే ఆ కుర్చీలో చిన్నమ్మే. ఒకసారి ఓ టీచరమ్మను పట్టుకుని "నీకు షుగరున్నది, కండ్లు తిరుగుతయ్. లే, నీ జాగల నేను కూసుంట" అంది. మేమంతా చప్పట్లు కొట్టాం. సాయంత్రం నిమ్మరసం గ్లాసు పెదవులకు ఆనించి పక్కామెకు ఇచ్చేసేది. అదీ ఆమె మంచితనమే అనుకున్నాం. అప్పటికే ఆమెకు చపాతీ దిగడం లేదు. అన్నం ముద్ద రొమ్ము దగ్గర ఆగితే నీళ్లు తాగి నెట్టుకునేది. తినక్కర్లేని రోజే ఆమెకు సుఖంగా ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. చిక్కిపోయావేమని అడిగితే "దీక్షలతోని కడుపు చిన్నగైంది" అని నవ్వేది.

జాకెట్లన్నీ వదులయ్యాయని తమ్ముడు చెప్పినప్పుడు నాకు భయమేసింది. ఎండోస్కోపీకి పేరు రాయించాను. "గొంతుల పైపేస్తరా? నేను రాను పో" అంది. బతిమాలి ఒప్పించాను. పరీక్షకు పరగడుపున రావాలన్నారు. సరిగ్గా ఆ రోజే దీక్షలో మా మందుల షాపుల వాళ్ల వంతు. కూర్చుంటానని పేరిచ్చి మరిచిపోయాను. టెంటు నుంచి ఫోన్ వచ్చేసరికి మేమిద్దరం ఆటో కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నాం. కుర్చీ ఖాళీగా ఉంటే పరువు పోతుందని అవతల ఒకటే గొడవ.

విషయం విని చిన్నమ్మ తేలిగ్గా అంది: "ఎట్లైనా పరిగడుపుననే ఉన్న గద. నీ బదులు నేను కూసుంట, నువ్వు పోయి షాపు చూస్కో. పరీక్ష ఏడికి పోతది, వచ్చే వారం చేయించుకుంట."

నేను వద్దనాలి. "సరే చిన్నమ్మా" అన్నాను. పైగా భలే ఉపాయమని నవ్వాను. దవాఖానకు పోవలసిన ఆటోను చౌరస్తాకు పోనిచ్చాను.

వచ్చే వారం సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. ఆ తర్వాత పండుగ చీరల గిరాకీ. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, నేనే అడగడం మానేశాను. గులాబి రంగు సీసాలు మాత్రం ఇస్తూనే ఉన్నాను. గడ్డిఅన్నారం నుంచి తెచ్చిన బత్తాయిల రసం తప్ప ఏదీ దిగని స్థితిలో, నాలుగు నెలలకు తీసుకెళ్లాం. అన్నవాహిక కడుపులో కలిసే చోట గడ్డ. కేన్సర్. గుంటూరు వైపు డాక్టరమ్మ రిపోర్టు చూసి నన్ను పక్కకు పిలిచింది. "మింగుడు పడట్లేదంటే ఆగకూడదండీ. మందుల షాపు నడుపుతున్నారు, మీకు తెలీదా?" అంది. తెలుసు. తెలిసే చేశాను.

చిన్నమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. మంచంలో ఉండి కూడా ఇవాళ టెంటులో ఎవరు కూర్చున్నారని అడిగేది. ఒకనాడు ఉండబట్టలేక, తప్పు నాదేనని ఏడ్చాను. నా చెయ్యి పట్టుకుని "నాకూ గా పైపంటే భయముండె బిడ్డా. నువ్వు సరే అనంగనే పానం నిమ్మళమైంది" అంది. నన్ను ఓదార్చడానికే అని ఉంటుంది. ఆ మాట మాత్రం నన్ను వదలడం లేదు.

పదకొండో రోజు వాళ్ల డాబా మీద పిట్టకు పెట్టాం. ఆమె ఏడాదిగా తినలేకపోయినవన్నీ విస్తరిలో వడ్డించాం. కాకి వచ్చి ముట్టేదాకా ఎవరూ కిందికి దిగకూడదు. ఎంతసేపు చూసినా రాలేదు. "ఆమె మనసుల ఏమున్నదో, మాటియ్యిండ్రి" అంది ఒక పెద్దమ్మ. చీరల పని ఆపనని తమ్ముడు మాటిచ్చాడు. తెలంగాణ వచ్చేదాకా టెంటు తీసెయ్యబోమని టీచరమ్మ దండం పెట్టి చెప్పింది. అందరూ నా వైపు చూశారు. నేనేం మాటివ్వను? అంతలో కాకి ఒకటి పిట్టగోడ మీంచి దుమికి, విస్తరిలోంచి పెద్ద ముద్ద అందుకుని మెడ పైకెత్తింది. నీళ్లు లేకుండానే, ఒక్కసారికే మింగేసింది.