వకాల్తా ఎవరిది?

తడి సున్నం వాసన తగిలితే ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. మొన్న సాయంత్రం నడకకు బయలుదేరి కాలేజీ మైదానం గోడ పక్క నుంచి పోతుంటే ఆ వాసనే వచ్చింది. ఎవరో మొరం నేల మీద నీళ్లు చల్లి, బాస్కెట్‌బాల్ కోర్టుకు కొత్తగా గీతలు వేస్తున్నారు. గోడ అవతల చాయ్ బండి దగ్గర కొందరు కుర్రాళ్లు ముందు రోజు ఓడిపోయిన ఆట గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఒక ఆటగాణ్ని పట్టుకుని చెడామడా తిడుతున్నారు. వాడు జట్టులో ఉన్నంత కాలం మనం జిల్లా దాటేది లేదని తేల్చేశారు. షుగరున్నవాణ్ని, ఇంట్లో చాయ్ మాన్పించి చాలా కాలమైంది. అయినా ఒకటి చెప్పి బల్ల మీద కూర్చున్నాను. ఎందుకంటే నోటిదాకా ఒక మాట వచ్చి ఆగింది. ఆ మాట నాది కాదు, మా వకీలు కిషన్‌రావు గారిది.

అరవయ్యో దశకం మొదట్లో లా చదువు ముగించుకుని, ఆలేరు నుంచి నల్లగొండ వచ్చి నేను ఆయన దగ్గర జూనియర్‌గా చేరాను. మా బాపు మగ్గం నేసేవాడు. నల్లకోటు మా ఇంటా వంటా లేదు. కిషన్‌రావు గారు నిజాం కాలంలో ఉర్దూలో వాదించి, కోర్టు భాష మారిపోయాక యాభై దాటిన వయసులో ఇంగ్లీషు నేర్చుకుని నెట్టుకొచ్చిన మనిషి. కోర్టులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు, కోపం వస్తే ఉర్దూ. ఆ కోపం మాత్రం ఎప్పుడో గాని వచ్చేది కాదు. సాక్ష్యం చెప్పడానికి పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లను ముందు వరండాలో కూర్చోబెట్టి, రంజనులోని చల్లని నీళ్లు ముంచి ఇచ్చి, అందరికీ ఒకటే మాట చెప్పేవారు. "అడిగినదానికి నిజం చెప్పు. అడగనిదానికి నోరు తెరవకు." ఆ మాట ఎన్నిసార్లు విన్నానో, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఇంత నెమ్మదస్తుడికి ఒకే ఒక్క పిచ్చి, కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు. జన్మలో బంతి ముట్టుకున్నవాడు కాదు. ఆట ఉన్న రోజు మాత్రం వాయిదాలన్నీ ముందే సర్దుకుని, మైదానం పక్కన తాడు వెనక తన కుర్చీ వేయించుకునేవారు. మీకు ఈ ఆట మీద అంత ఇష్టం ఎందుకని ఒకసారి అడిగాను. "ఊళ్లె ఎవని కొట్లాట వానిది. అందరం ఒక్క తీర్గ కొట్లాడనీకి ఒకటన్న ఉండాలె గదయ్యా" అన్నారు. ఊరి పెద్దమనిషని కాలేజీవాళ్లు ఆయనను క్రీడల కమిటీలో వేసుకున్నారు. ఆటగాళ్ల విషయంలో ఆయన మాటకు అక్కడ చాలా విలువ ఉండేది.

ఆట అయిన మర్నాడు సాయంత్రం ఆయన వరండా నిండిపోయేది. బట్టల దుకాణం ఈశ్వరయ్య అందరికన్నా ముందు వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. గుమాస్తాలు, లెక్చరర్లు, సోడాలమ్మేవాళ్లు, ఎవరైనా రావచ్చు. ఎవరు బాగా ఆడారు, ఎవరు చెడగొట్టారు, వరంగల్ వాళ్లను ఎలా ఆపాలి, ఈ యేడు హైదరాబాదు దాకా పోతామా లేదా, ఇదే గొడవ. ఆ గొడవకు కిషన్‌రావు గారు పెట్టిన పద్ధతి ఒకటుంది. అలాంటిది నేను మరెక్కడా చూడలేదు. ఓటమికి కారణమని ఒక ఆటగాణ్ని ఎవరైతే అందరికన్నా ఎక్కువ తిడతారో, ఆ ఆటగాడి తరఫున వకాల్తా వాళ్లే పుచ్చుకోవాలి. అంటే తిట్టిన నోటితోనే వాడి పక్షాన వాదించాలి. మొక్కుబడిగా వాదిస్తే ఊరుకునేవారు కాదు. వాదన పూర్తయ్యేదాకా వచ్చే ఆట ముచ్చట ఎత్తడానికి వీల్లేదు. తిట్లు ముగిశాక "వకాల్తా ఎవరిది?" అని పిలవడం నా పని. కోర్టులో కేసులు పిలిచే పేష్కారు పని అన్నమాట. ఆ ఉద్యోగానికి జీతం లేదు, చాయ్ ఉంది.

మొదట్లో ఇదంతా నాకు వేళాకోళంగానే కనిపించింది. ఒకసారి ఈశ్వరయ్య ఒక పొట్టి కుర్రాణ్ని పట్టుకుని, దగ్గర నుంచి వేసినా బుట్టలో పడదు, వానికి బంతి కన్నా గోలీలు మేలని దులిపేశాడు. నేను పిలిచాను. ఈశ్వరయ్య తల గోక్కుని, "పాపం, ఆనికి బుట్ట అగుపడతలేదేమో వకీల్ సాబ్" అన్నాడు. అందరూ నవ్వారు. కిషన్‌రావు గారు నవ్వలేదు. రుజువు చేయమన్నారు. మాట అన్న పాపానికి ఈశ్వరయ్య మర్నాడు దుకాణం తమ్ముడికి అప్పజెప్పి ఆ కుర్రాణ్ని దవాఖానకు తీసుకుపోయాడు. తీరా చూస్తే నిజంగానే చూపు మందం. ఆ తర్వాత ఆ కుర్రాడు కళ్లద్దాలకు వెనక దారం కట్టుకుని ఆడేవాడు. వాడు బుట్ట వేసిన ప్రతిసారీ ఈశ్వరయ్య తనే వేసినట్టు చుట్టూ చూసుకునేవాడు.

నేను చేరిన రెండో యేడు పాలమూరు కాలేజీతో పోటీ పడింది. మహబూబ్‌నగర్‌ను మేమంతా పాలమూరనే పిలిచేవాళ్లం. ముందు మా ఊళ్లో ఒక ఆట, తర్వాత వాళ్ల ఊళ్లో ఒకటి. రెండూ గెలిచినవాళ్లు హైదరాబాదు పోటీలకు పోతారు, చెరొకటి గెలిస్తే మూడోది ఆడాలి. మా జట్టుకు కెప్టెన్ యాదగిరి. వాళ్లదీ మాలాగే మగ్గం మీద బతికే కుటుంబం. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. జట్టులో ఉన్నందుకు కాలేజీవాళ్లు హాస్టల్లో తిండీ చోటూ ఇచ్చారు. ఆ వసతి లేకపోతే బి.ఏ. మధ్యలో వదిలేసి ఇంటికి పోయి మగ్గం గుంతలో కూర్చోవాల్సిందే. ఆ సంగతి మా అందరికీ తెలుసు. నాకు ఇంకొంచెం ఎక్కువ తెలుసు.

ఆ ఆట చివరి నిమిషం దాకా సమానంగా నడిచింది. బంతి గీత దాటి బయటికి పోయింది. రెఫరీ మా వైపు చెయ్యి చూపాడు, బంతి మాదే. మేం తాడు వెనక కేకలు పెడుతున్నాం. అంతలో యాదగిరి నెమ్మదిగా చెయ్యెత్తి, బంతి చివరగా తన చేతికే తగిలిందని రెఫరీకి చెప్పాడు. రెఫరీ ఒక్క క్షణం ఆగి బంతి పాలమూరు వాళ్లకిచ్చాడు. వాళ్లు దాన్ని తీసుకుని బుట్టలో వేశారు, విజిల్ పడింది. ఒక్క బుట్టతో ఓడిపోయాం. కిషన్‌రావు గారు తన కుర్చీ తనే మోసుకుంటూ ఇంటికి నడిచారు.

మర్నాడు వరండాలో ఈశ్వరయ్య నోరు తెరిచే లోపే కిషన్‌రావు గారే మొదలుపెట్టారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. ఉర్దూలో మొదలై తెలుగులోకి దిగింది. "రెఫరీ అడిగిండా? అడగలే. జనం అడిగిర్రా? అడగలే. ఎవ్వడూ అడగని సవాల్‌కు చెయ్యెత్తి జవాబిచ్చిండు. ఊరు ఊరంతటినీ ముంచిండు. గిసొంటోడు జట్టుల ఉండద్దు. కమిటీల ఇదే చెప్త." కమిటీలో ఆయన ఆ మాట అంటే యాదగిరి చదువు అక్కడితో సరి.

అప్పుడు నాకు అర్థమైంది, అందరూ నా వైపే చూస్తున్నారని. పిలవాల్సింది నేను. ఆయన పెట్టే అన్నం తింటూ, ఆయన నేర్పే విద్య నేర్చుకుంటూ, ఆయన ఇంటి వరండాలో నిలబడి ఆ మాట ఎలా అనడం? పిలవకపోతే యాదగిరి తరఫున అడిగే దిక్కే లేదు. ఎలాగో ధైర్యం కూడదీసుకుని "వకాల్తా ఎవరిది?" అన్నాను. ఆ వెంటనే ఆయన వైపు తిరిగాను. "సార్, ఎక్కువ తిట్టింది మీరే. వకాల్తా మీదే అయితది" అన్నాను. ఆయన నోట్లో పాన్ నమలడం ఆగింది. నన్ను చాలాసేపు చూశారు. నా జూనియర్‌గిరీ ఆ రోజుతో ముగిసిందనే అనుకున్నాను. ఆయన నెమ్మదిగా కుర్చీలో వెనక్కి వాలి, "ఔ, నాదే" అన్నారు. "రేపు చెప్త. ముల్జింను, అంటె తప్పు మోపినోన్ని, అడగకుండ వకాలత్ చెయ్యరాదు."

పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని హాస్టల్‌కు పోయారు. యాదగిరి బావి గట్టు మీద బట్టలు ఉతుక్కుంటున్నాడు. మమ్మల్ని చూసి తడిచేతులతో లేచి నిలబడ్డాడు. తనను తీసేయబోతున్నారని అప్పటికే విన్నట్టుంది, ముఖంలో నెత్తురు లేదు. కిషన్‌రావు గారు ఉతికే బండ మీద కూర్చుని, కోర్టులో సాక్షిని అడిగినట్టే అడిగారు.

"బంతి తగిలిందని నీకు పక్కా ఎరుకేనా?"

"మగ్గం మీద పోగు తెగితె చెయ్యికి ఎరుకైతది సార్. గంత బంతి తగిలితె ఎరుక గాదా?"

"మరి రెఫరీ అడగలే గద. ఎందుకు చెప్పినవ్?"

"రెఫరీ అడగలే. ఆళ్ల కెప్టెన్ అడిగిండు సార్. నా మొకం చూసి, తగిలిందా అన్నడు."

మేమంతా తాడు వెనక అరుస్తున్నాం, ఆ మాట ఎవరికీ వినపడలేదు. ఆయన, తగల్లేదని అంటే ఏమయ్యేదని అడిగారు. యాదగిరి తడి చేతులు లాగుకు తుడుచుకుంటూ చెప్పాడు. "పై వారం ఆళ్ల ఊర్ల ఆట ఉన్నది సార్. గప్పుడు నేను గూడ అడుగుత. ఇయ్యాల నేను అబద్ధం చెప్తె, ఆడ ఏం మొకంతోని అడగాలె?"

సాయంత్రం వరండా ఎప్పుడూ లేనంతగా నిండింది. ఎప్పుడూ కుర్చీలో కూర్చుని వినే మనిషి ఆ రోజు లేచి నిలబడ్డారు. ముందు రోజు తను అన్న ప్రతి మాటనూ తీసుకుని, అవతలి వకీలు వాదనను చీల్చినట్టు చీల్చారు. తాను చూసిందే తప్ప విన్నది లేదని, వినకుండా ఫైసలా చేశానని ఒప్పుకున్నారు. చివరికి గొంతు తగ్గించి అన్నారు. "అడగనిదానికి చెప్పొద్దని నేనే అంట. గని అడిగినదానికి అబద్ధం చెప్పుమని ఏ సాక్షికన్న, ఎన్నడన్న చెప్పిన్నా?" నా వైపు చూశారు. చెప్పలేదు. ఆయన దగ్గరున్నన్ని రోజులూ ఒక్కసారి కూడా ఆ మాట ఆయన నోట వినలేదు. ఆ క్షణంలో నాకు ఆయన మీద కలిగిన గౌరవం తర్వాత ఏ జడ్జి మీదా కలగలేదు. కమిటీలోనూ ఆయన అదే వాదించారు. యాదగిరి జట్టులోనే, హాస్టల్లోనే ఉండిపోయాడు.

పాలమూరు ఆటకు దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులో పోయాం. దారంతా ఈశ్వరయ్య హైదరాబాదులో ఎక్కడ దిగాలో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆట చివర్లో మళ్లీ అలాంటి బంతే వచ్చింది. వాళ్ల కెప్టెన్ చేతికి తగిలి బయటికి పోయింది. మేమున్న వైపే కాబట్టి మాకు స్పష్టంగా కనిపించింది. రెఫరీ బంతి వాళ్లకే ఇచ్చాడు. యాదగిరి ఆ కెప్టెన్ దగ్గరికి పోయి, తగిలిందా అని అడిగాడు. ఆ కుర్రాడు ఒకసారి గీత చుట్టూ నిలబడ్డ తన ఊరి జనాన్ని చూశాడు. తల దించుకున్నాడు. మేం ఓడిపోయాం. ఆ యేటి ఆశలు అక్కడే ముగిశాయి.

మర్నాడు ఈశ్వరయ్య ఆ పాలమూరు కెప్టెన్‌ను నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను నా పని చేశాను. ఈశ్వరయ్య మొండికేశాడు. మన పిల్లలకైతే సరే, పరాయి ఊరివానికి వకాల్తా పుచ్చుకోనని, కావాలంటే వరండా దిగి పోతానని లేచాడు. ఆటగాళ్లెవరూ ఆ వరండాకు వచ్చేవారు కాదు. ఆ రోజు మాత్రం యాదగిరి కిషన్‌రావు గారికి దండం పెట్టి పోదామని వచ్చి, మెట్ల దగ్గర నిలబడి ఇదంతా వింటున్నాడు. "నేను చెప్త సార్" అన్నాడు.

అందరూ తిరిగి చూశారు. అతను మెట్టెక్కలేదు, అక్కడి నుంచే చెప్పాడు.

"ఆడు తగిలిందని చెప్పలే. గని తగల్లేదని గూడ అనలే. గంత మంది సూస్తుంటె, గదే శాన కష్టం సార్."

కిషన్‌రావు గారు కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. లోపలికి కేకేసి ఇంటావిడతో చాయ్ తెప్పించారు. ఆ కప్పు తన చేత్తో పట్టుకుని మెట్లు దిగి యాదగిరికి అందించారు. లేచి నిలబడిన ఈశ్వరయ్య మళ్లీ కూర్చున్నాడు.

యాదగిరి బి.ఏ. ముగించి అచ్చంపేట వైపు బడిపంతులయ్యాడు. కిషన్‌రావు గారు పోయి చాలా యేళ్లయింది. ఆయన దగ్గర చట్టం నేర్చుకున్నాను, అది పుస్తకాల్లోనూ ఉంది. పుస్తకాల్లో లేనిది ఒకటి నా వెంట ఉంది. ఎవరినైనా, అది కోడలు కానీ, కోర్టు కానీ, తిట్టి తిట్టి గొంతు నొప్పి పుట్టినప్పుడు, లోపల ఎవరో పిలుస్తారు. అప్పుడిక ఆ మనిషి పక్షాన నిలబడక తప్పదు. దీనివల్ల నేను పోగొట్టుకున్న కోపాలు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని మంచి కోపాలే.

మొన్న చాయ్ బండి దగ్గర నేను ఆ కుర్రాళ్లను, మీలో అందరికన్నా ఎక్కువ తిట్టింది ఎవరని అడిగాను. నవ్వుకుంటూ ఒకణ్ని ముందుకు తోశారు. అయితే వాని తరఫున నువ్వే చెప్పాలె, గట్టిగ చెప్పాలె అన్నాను. ముసలాయనకు ఏదో అయిందనుకుని ఉంటారు. ఆ కుర్రాడు కూడా మొదట నవ్వాడు. గోడ మీదుగా, సున్నం గీతలు ఆరుతున్న కోర్టు వైపు చూశాడు. నవ్వు పోయింది.

"ఆనికి బంతి ఎవరిచ్చిర్రు తాతా?" అన్నాడు. "ఆట మొత్తం ఆని పక్కనే ఆడిన. నేనే ఇయ్యలే."

పేష్కారుగా నా పని అయిపోయింది. చల్లారిన చాయ్ అక్కడే వదిలి ఇంటిదారి పట్టాను.