తోకకు కట్టిన తాడు

నా చిన్నప్పుడు నేను పగబట్టింది ఒక్కరిమీదే, మా పక్కింటి అక్కమీద. మిగతావాళ్లమీద పగబట్టడానికి నాకు తీరిక దొరకలేదు.

మేం పట్నంలో చూలై అనే పేటలో ఉండేవాళ్లం. ఊరి చివర మనలికి పోయే దారిలో మూతబడిన ఇటుకల ఫ్యాక్టరీ ఒకటుండేది. మట్టి తవ్విన గుంటలన్నీ వానలకు నిండి చెరువులయ్యాయి. కాలేజీలో చదివే అక్క ఆదివారాలు నన్ను తోడు తీసుకెళ్లి, అక్కడ వాలే పక్షులను బైనాక్యులర్‌లో చూసి నోట్‌బుక్‌లో రాసుకునేది. ఒకరోజు నేను రాజహంసను చూశాను. అక్క తల తిప్పేలోగా అది ఎగిరిపోయింది. పాపం, నా మాట నమ్మి రాసింది. తిరుగు బస్సులో ఆ వరుస కొట్టేసింది.

"ఈ మురికి గుంటకి రాజహంస యాడనుంచి వస్తాదే? కొంగని చూసుంటావు."

పెన్సిల్‌తో కొట్టేసుంటే క్షమించేదాన్నేమో. పెన్నుతో కొట్టేసింది.

మా తాతయ్య ఇనుము పోతపోసేవాళ్లకు చెక్క నమూనాలు చెక్కేవాడు. తలమీద రెండు నల్లచారలుండే బాతు కోసం అక్క ఏళ్లుగా కలవరిస్తోంది. దాన్ని చెక్కివ్వమని అడిగాను. చెరువులో వదిలి, అక్కచేత రాయించి, ఆ తర్వాత తీరిగ్గా నవ్వాలి. తాతయ్య తిట్టలేదు.

"మోసం చేసేదైనా కొలత తప్పకూడదమ్మే. బాతు నీళ్లలో ఎంత మునుగుతాదో చూసుకోని రా."

మరుసటి ఆదివారం మెడ వంపు అడిగాడు. ఆపై ఆదివారం తోక ఎత్తు. నెలరోజులు బాతులనే చూశాను. ఆ శ్రద్ధ లెక్కల్లో లేదని మా అమ్మ బాధ.

బాతు తయారయ్యాక వచ్చిన ఆదివారం తాతయ్యా నేనూ ముందు బస్సుకే వెళ్లాం. బాతు కొట్టుకుపోకుండా తాడుతో ఇటుకకు కట్టే పని నాకే వదిలేశాడు. అక్క వచ్చింది, చూసింది, గబగబా రాసింది. నేను నవ్వడానికి నోరు తెరిచాను. అప్పుడే గాలి లేచింది. చెరువులోని బాతులన్నీ గాలికి ఎదురు తిరిగాయి. మాది మాత్రం గాలికి వీపు చూపింది. ముందువైపు కట్టాల్సిన తాడు తోకకు కట్టాను మరి.

అక్క బైనాక్యులర్ దించింది. "అన్నీ అటు చూస్తే అదొక్కటి ఇటు చూస్తాదేమే? చెక్కది గదా?"

రాసింది కొట్టేసి, కింద ఇంకో వరుస రాసింది. చెక్క బాతు, ఒకటి. చూసినవారు అన్నచోట నా పేరు. ఆ నోట్‌బుక్‌లో నా పేరు పడింది అదే మొదలు.

"గాలి సంగతి నువ్వు చెప్పలేదే" అని తాతయ్యమీద పడ్డాను.

"నేను అడిగినవే చూస్తే ఎట్లమ్మే?" అన్నాడు.

ఇప్పటికీ నీళ్లమీద పక్షి కనిపిస్తే, ఎవరూ అడగకపోయినా, ముందు గాలి ఎటుందో చూస్తాను. అక్క నమ్మి మురిసిపోయిన ఆ రెండు నిమిషాలు కూడా నా దగ్గరే ఉన్నాయి, తిరిగివ్వను. రాజహంసను మాత్రం నేను చూశాను.