అక్క ప్రసంగానికి నా కత్తెర

వానలూ బందులూ చేయలేని పని ఒకటి నేను చేశాను. మా అక్క ఢిల్లీ ప్రయాణం ఆపాను. ఎలాగో చెబుతాను, మీ ఇంట్లో పత్రికలో కొత్తగా చేరినవాడెవడైనా ఉంటే జాగ్రత్తపడతారు.

అప్పటికి నేను పత్రిక డెస్కులో, వార్తలు దిద్దే పనిలో చేరి ఆర్నెల్లు. లోకంలోని వాక్యాలన్నీ నేను కోయడానికే పొడవుగా పుట్టాయని నమ్మకం. అక్క లా చదువుతోంది. వాళ్ల కాలేజీలో డిబేట్, నెగ్గితే ఢిల్లీ. విషయం, అమెరికా తొలి పార్టీల తగువు. రాజ్యాంగంలో జాతీయ బ్యాంకు మాట లేదు కాబట్టి పెట్టకూడదని ఒక పార్టీ. అక్షరం కాదు, ఉద్దేశం చూడాలని ఇంకో పార్టీ. అక్కది అక్షరం పక్షం. పరీక్షల్లో మునిగి ఉండి, ప్రసంగం నన్ను రాయమంది.

రాశాను. మొదటి రెండు పేజీల్లో ఎదుటివాళ్ల వాదనకు పట్టుచీర కట్టి నిలబెట్టాను. మూడో పేజీలో దాన్ని పోగులు పోగులుగా చీల్చాను.

హాలు గుమ్మం దగ్గర అక్క ఆగింది.

"తమ్మీ, ఐదు నిమిషాలు కాదంట. మూడే అంట."

"గింత దానికి పరేషాన్ ఎందుకక్కా? డెస్కుల రోజూ చేసేదే. కింది నుంచి కోస్త."

"కింద అసలు ముచ్చట ఉంటే?"

"వార్తల అసలు ముచ్చట ఎప్పుడూ పైనే ఉంటది."

మూడో పేజీ తీసి జేబులో పెట్టుకున్నాను.

అక్క అద్భుతంగా చదివింది. రెండో పేజీ అయిపోయాక సభను కాదు, నన్ను చూసింది. తర్వాత "ధన్యవాదాలు" అంది.

ఎదుటి పక్షం అమ్మాయి లేచింది. "అక్క నాకేం మిగల్చలే సార్. ఆమె చెప్పిందే నా మాట సుత."

ఉద్దేశం పక్షం గెలిచింది. అక్క ఊరుకునే మనిషి కాదు. రూల్సు కాగితం ఎత్తి పట్టింది.

"సార్, గెలిచిన వాదన బాగా వినిపించినవాళ్లు ఢిల్లీ పోతారని ఉంది. వినిపించింది నేను. ఏ పక్షాన నిలబడాలో ఇందులో లేదు."

న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన కళ్లజోడు తుడుచుకున్నారు.

"నిజమేనమ్మా, అక్షరం నీ వైపే ఉంది. కానీ అక్షరం పట్టుకుని వేలాడొద్దని ఇందాకే నన్ను ఒప్పించారు. ఒప్పించింది నువ్వే."

ఆ అమ్మాయి ఢిల్లీ వెళ్లింది. మేం ఆటోలో సీతాఫల్‌మండిలోని మా ఇంటికి వెళ్లాం.

కాబట్టి పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. రక్తసంబంధీకుల కాగితాన్ని దేన్నీ ఇకపై కింది నుంచి కోయను. అక్క పెళ్లిపత్రికలో చోటు చాలకపోతే, పై నుంచే కోస్తాను.