పిన్ని భోజనపు అరగంట

పిన్ని ఇరవై ఆరేళ్లు ఒకే ల్యాబులో, కిటికీ పక్కనున్న ఒకే బల్ల దగ్గర పనిచేసింది. ఆకలి మీద ఉంటే చెయ్యి వణుకుతుందని ఆమె నమ్మకం. ఒంటిగంటయిందంటే ఎంతటి పనైనా మూతపెట్టి, కింద గదికెళ్లి డబ్బా విప్పేది.

ఒంట్లో రోగంతో పోరాడే టీ కణాలకు వైరస్ నేరుగా కనిపించదు. వేరే కణమేదో దాన్ని మింగి, ముక్కలు చేసి చూపిస్తేనే అవి మేలుకుంటాయి. జబ్బు నుంచి కోలుకున్నవాళ్ల రక్తం నుంచి తీసిన సీరంలో ఉండే యాంటీబాడీలు ఈ పనికి సాయపడతాయా, అడ్డుపడతాయా? ఆ ఏడాది ల్యాబు తేల్చాల్సింది అదే. పిన్నీ, అందరూ పొడుగాయన అని పిలిచే తోటి టెక్నీషియనూ ఒకే పరీక్ష విడివిడిగా చేశారు. ఆయన ట్యూబుల్లో టీ కణాలు ఉలకలేదు, పలకలేదు. పిన్ని ట్యూబుల్లో మాత్రం గుంపులుగా మేలుకున్నాయి.

పిన్ని చెయ్యే తప్పి ఉంటుందని ల్యాబును నడిపే పెద్ద డాక్టరమ్మ తేల్చేసింది. తన ఎదుటే మళ్లీ చెయ్యాలనీ, ఈసారీ ఇంతే అయితే గాజుసామాను కడిగే గదికి మార్చేస్తాననీ చెప్పింది.

"పోన్లే అక్కా, అక్కడ వేణ్ణీళ్లయినా వస్తాయి," అన్నాడు పొడుగాయన. పిన్ని నవ్వలేదు. ఆ పూట ఇంట్లో అన్నం కెలికి లేచిపోయింది.

మర్నాడు డాక్టరమ్మ పక్కనే నిలబడింది. పిన్ని వైరస్‌లో సీరం కలిపింది. ఒంటిగంటయింది. మూతపెట్టి లేచింది.

"ఎక్కడికి? కణాలు వెయ్యవా?"

"తినొచ్చి వేస్తానండి. రోజూ అంతేగా."

డాక్టరమ్మ పొడుగాయన వైపు తిరిగింది. తను అన్నీ ఒకేసారి పోసేస్తానన్నాడాయన. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడకు సంగతి అర్థమైంది: పిన్ని తినొచ్చే ఆ అరగంటలో యాంటీబాడీలు తీరిగ్గా వైరస్‌ను పట్టుకుంటున్నాయి. అలా పట్టుబడిన వైరస్‌ను మింగే కణాలు ఇట్టే అందుకుంటాయి.

"మరి ఈ అరగంట సంగతి ల్యాబు పుస్తకంలో ఎందుకు రాయలేదు?"

"తిన్నది కూడా రాయాలాండి?"

మరుసటి రోజు పిన్ని ట్యూబుల్లో టీ కణాలు మళ్లీ మేలుకున్నాయి. ఆ వారంలోనే, అరగంట ఆగి చేసిన పొడుగాయన ట్యూబుల్లోనూ మేలుకున్నాయి. గాజుసామాను గది మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పిన్ని చనిపోయిన వారానికి డాక్టరమ్మ ఆ పుస్తకం ఇంటికి తెచ్చిచ్చింది. "సీరం కలిపాక అరగంట ఆగాలి" అని ఆవిడ రాసిన చోట, కింద పిన్ని గుండ్రటి అక్షరాలు: "ఆగి, తినాలి."